స్టాంపు – సీలు

మన తెలుగున ‘ముద్ర’ యను మాట యొక్కటియే పెక్కు పనులకు చాలుచున్నది. రాజముద్ర యందుము, తపాలాముద్ర యందుము, వ్రేలిముద్ర యందుము. ఆంగ్లమున నట్లు గాదు. స్టాంపు వేఱు, సీలు వేఱు. ఆ రెండు మాటలును మన గ్రామములలో వాడుకకు వచ్చినవి గాని వాని భేదము మాత్రము పలువురికి తెలియదు. తెలియకున్న పొలమునకే ముప్పు రావచ్చును.

సీలనగా అధికారము గలవాడు ‘ఇది నా యెదుట జరిగినది’ యనియో, ‘ఇది నా యాజ్ఞ’ యనియో తెలుపుటకు వేయు గురుతు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల రేకులను గ్రుచ్చిన కడియమునకు ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను అక్షరములు గల ముద్ర యుండెడిది. అది సీలు. గిడ్డంగికి సీలు వేసిరన్నను అధికారి యనుమతి లేక తెఱవరాదనియే భావము.

స్టాంపు అట్టిది కాదు. 1899 నాటి స్టాంపుల చట్టము ననుసరించి ప్రభుత్వమునకు సుంకము ముట్టిన దనుటకు అది గురుతు మాత్రమే. లోపలి వ్రాత నిజమనిగాని, అమ్మువాడు హక్కుదారుడనిగాని అది చెప్పదు.

పిడుగురాళ్ల చెంత నొక రైతు ఎకరము మిరపచేను కొనెననుకొందము. స్టాంపు కాగితముపై వ్రాయించి, పెద్దలచే సాక్షి సంతకములు చేయించి, సొమ్మంతయు ముట్టజెప్పి, కాగితమును పెట్టెలో దాచెను. ప్రభుత్వపు బొమ్మ యున్నది గదా యని యతని ధైర్యము. కాని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము నూఱు రూపాయలు, అంతకు మించిన వెలగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు చేసిన దస్తావేజు వలననే చెల్లును. వ్రాసిన నాలుగు మాసములలోపల దానిని సబురిజిస్ట్రారు కడ దాఖలు చేయవలెను. ఆయన పుస్తకపు సంఖ్యను, పుటలను వ్రాసి, సంతకము, తేదీ, సీలు వేయును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున నున్న విధి యిదియే. నోటరీ సీలు దీనికి బదులు కానేరదు.

అట్లని స్టాంపును చులకన చేయరాదు. ప్రామిసరీ నోటుపై తగిన రెవెన్యూ స్టాంపు అతికించి, దానిమీదుగా సంతకము చేసి రద్దుపఱుపవలెను. స్టాంపు లేని నోటును న్యాయస్థానము సాక్ష్యముగా గ్రహింపదు. తక్కిన పత్రములు పెక్కింటికి జరిమానా చెల్లించి లోపము దిద్దుకొనవచ్చును గాని నోటునకు ఆ వెసులుబాటు లేదు.

సబురిజిస్ట్రారు సీలును సర్వము కాదు. దస్తావేజు నమోదైనదని యది చెప్పును గాని అమ్మినవానికి హక్కు కలదని పూచీపడదు. అందులకు పాత దస్తావేజులను, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెటును ముందుగా చూచుకొనవలెను.

కావున సాక్షి సంతకమునకు పిలువబడిన పెద్దలు కలము పట్టకమునుపే, ‘రిజిస్టరీ యెన్నడు?’ అని యడుగుట మేలు. దానికి సరియైన బదులు వచ్చువఱకు పూర్తి సొమ్ము చేతులు మాఱకుండ చూచుటయు వారి ధర్మమే.