అంతర్జాల పాఠము, ముంగిటి నీడ

అంతర్జాలమున తెలుగులో ఇన్ని విజ్ఞానపాఠములు దొరకుచుండగా వానిని మన ప్రాథమిక తరగతులలో ఏల వాడరని తల్లిదండ్రులు పలువురు అడుగుచున్నారు. వాడుచునే యున్నాము. అయితే వానిని ఎట్లు వాడవలెనో మాకు బోధపరచినవాడు ఐదవ తరగతి బాలుడొకడు.

వేసవి సెలవులలో మధురలోని తన యింట ఆ బాలుడు సెల్‌ఫోనులో నొక తెలుగు పాఠమును చూచెను. మే 9వ తేదీ మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చుననియు, నిటారుగా నిలిపిన కర్రకు నీడ కనబడదనియు అందు చెప్పిరి. వాడు ముంగిట మీటరు కర్రను నిలిపి, 12 గంటలు దాటి పావుగంట వరకు ఎండలో కాచుకొని యుండెను. నీడ పోలేదు. సుమారు 13 సెంటీమీటర్ల నీడ దక్షిణముగా పడినది. బడి తెరువగానే వచ్చి, "సార్, ఆ పాఠము అబద్ధము" అనెను.

ఆ పాఠము హైదరాబాదు వారికొరకు చేసినది. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17.4 డిగ్రీల మీద నున్నది. మన మధుర 9.9 డిగ్రీల మీదను, కోయంబత్తూరు 11 డిగ్రీల మీదను ఉన్నవి. సూర్యుడు ఉత్తరమునకు జరుగుచు ఏప్రిల్ నడుమనే మన నడినెత్తిని దాటిపోవును; హైదరాబాదు చేరునప్పటికి మే నెల వచ్చును. కనుక ఆనాడు మధురలో సూర్యుడు నెత్తికి ఉత్తరమున నుండగా నీడ దక్షిణమునకు పడినది. అక్షాంశము అను మాటను నల్లబల్లపై వ్రాసి వల్లె వేయించిన రాని జ్ఞానము ఆ పదమూడు సెంటీమీటర్ల నీడ వలన వచ్చినది. పాఠమును మాత్రమే చూచి ఊరకున్నచో వాడు దానిని నమ్మి మరచియుండును.

ఆ బాలుడు చూచిన పాఠము ఒకచోట నిజమైనది. ఎచ్చటను నిజము కానివియు కలవు. భూమి సూర్యునికి దగ్గరగుటచే వేసవి వచ్చునని చెప్పు పాఠమొకటి మా కంటబడినది. వాస్తవమున భూమి సూర్యునికి అత్యంత సమీపమున, అనగా సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉండునది జనవరి మొదటి దినములలో. మన పిల్లలు ఉదయముననే దుప్పటి వదలని రోజులవి! కావున ఉపాధ్యాయుడు ముందుగా చూడని పాఠమును తరగతిలో చూపరాదని నియమము పెట్టుకొంటిమి. అయిదు నిమిషములకు మించినదియు చూపము.

ఇక భాష సంగతి. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు వచ్చిన కాలము మొదలు ఎన్నియో తరములుగా మనవారు ఇచ్చట తెలుగు మాటాడుచున్నారు. కాని ఆ తెలుగు నేడు వంటింటికిని పెండ్లిపందిటికిని పరిమితమగుచున్నది. నీరు ఆవిరియగుటను మన పిల్లవాడు తమిళమున 'ఆవియాదల్' అని తడుముకొనక చెప్పును. 'బాష్పీభవనము' అన్నచో తెల్లబోవును. అమ్మ ప్రతిదినము ఇంట పలుకు 'ఆవిరి' అను మాట ఆ రెంటికిని నడుమ నున్నదని వానికి ఎవరును చెప్పలేదు. శాస్త్రము చెప్పుటకు పనికిరాని భాష అని పిల్లవానికి ఒకమారు తోచినచో, ఆ పిమ్మట వాడు దానిని తన బిడ్డలకు నేర్పునా?

మనలో పెక్కుమంది తల్లిదండ్రులకు తెలుగు లిపి రాదు. అందు సిగ్గుపడవలసినది లేదు. పుస్తకమునకు లిపి కావలెను గాని వినుటకు చెవి చాలును. ఇంట ఒక పాఠమును పిల్లవానితో కలిసి వినుడు. అందలి కొత్తమాటకు మీ యింటి మాట ఏదియో వానికి చెప్పుడు. ఆ తెలుగు మన తెలుగువలె లేదని పిల్లలు నవ్వినచో నవ్వనిండు.

చూడదగినవి కొన్ని కలవు. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన 'దీక్షా'లో తెలుగు పాఠములు ఉచితముగా లభించును. ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగును ఎదుటి పుట ఇంగ్లీషును ఉండుటచే మనకు మిక్కిలి ఉపయోగము. మాకు అన్నిటికంటె నచ్చినవి అరవింద్ గుప్తా గారి బొమ్మలు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు, పారవేసిన సీసాలు ఇవియే ఆయన ప్రయోగశాల. చూచిన వెంటనే చేతితో చేయవలెననిపించును. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు (1893–1974) యౌవనమున మోటారు సైకిలును విప్పి బిగించి యంత్రవిద్య నేర్చిన కథను మీ పెద్దలు చెప్పగా వినియే యుందురు. ఆ కుతూహలము తెరను చూచుటతో తీరునది కాదు.

సూర్యుడు దక్షిణమునకు మరలి వచ్చుచు ఆగస్టు చివరి పది దినములలో మరల మన నడినెత్తికి వచ్చును. ఏప్రిల్ నెలలో పరీక్షల తొందర యుండును గనుక మాకు ఇదియే అనువైన సమయము. ప్రతి విద్యార్థితో ఒక మీటరు పొడవు గల తిన్నని కర్రను పంపుడు. కోయంబత్తూరున నున్న బంధువులకును చెప్పి, అదే దినమున వారి పిల్లలచే నీడను కొలిపించి వ్రాసి పంపుమనుడు. రెండు ఊళ్ల కొలతలను ప్రక్క ప్రక్కన పెట్టి చూతుము. మబ్బు పట్టినచో మరునాడు చూడవచ్చును. ఒక్క దినమునకు ఆ నీడలో కలుగు భేదము సెంటీమీటరు కంటె తక్కువయే.