దారి తప్పిన దరఖాస్తు: పైథాన్ ఫ్రేమ్‌వర్కులలో రౌటింగు చిక్కులు

ఉపకారవేతనముల దరఖాస్తులను స్వీకరించు ఒక వెబ్ ప్రోగ్రామును మేము ఉదాహరణగా గైకొందుము. ప్రోగ్రాము అంతయు సరిగానే ఉన్నట్లు తోచును. జవాబు మాత్రము 404 అని వచ్చును. విద్యార్థి వెంటనే డేటాబేసును అనుమానించును. దోషము తరచుగా అంత లోతున ఉండదు, వాకిటనే ఉండును.

రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధన గ్రంథమున వివరించిన రెస్ట్ పద్ధతి ననుసరించి ప్రతి వస్తువునకు ఒక చిరునామా కలదు. చదువుటకు గెట్, కొత్తది చేర్చుటకు పోస్ట్ అను క్రియలను వాడుదుము. ఈ రెంటిని చూచి పనిని తగిన కంట్రోలరునకు అప్పగించుటయే రౌటింగు. 404 అనగా చిరునామా ఏ నియమమునకును సరిపడలేదు, లేదా ఆ వస్తువే లేదు. 405 అనగా చిరునామా దొరికినది, క్రియకు అనుమతి లేదు.

జాంగో నియమములను పైనుండి వరుసగా చూచి, మొదట సరిపడినదానితో ఆగును. గెట్టా, పోస్టా అని అక్కడ విచారింపదు. కనుక ఒకే చిరునామాను రెండు క్రియలకై రెండుసార్లు వ్రాసినచో రెండవది వ్యర్థమై 405 వచ్చును. ఫాస్ట్‌ఏపీఐలోను వరుస ముఖ్యమే. దరఖాస్తు సంఖ్యను గ్రహించు నియమము పైన, "/దరఖాస్తులు/కొత్తవి" అనునది క్రింద ఉన్నచో, "కొత్తవి" అను మాటనే సంఖ్యగా తలచి 422 అని తిరస్కరించును. ఫ్లాస్కు మాత్రము స్థిరమైన చిరునామాకు తానే ప్రాధాన్యమిచ్చును.

మా దృష్టిలో మిక్కిలి ప్రమాదకరమైనది చివరి గీత. జాంగోలో నియమము "/దరఖాస్తులు/" అని ఉండగా, గీత లేకుండ పోస్ట్ పంపినామనుకొందము. డీబగ్ స్థితిలో అది దోషమును స్పష్టముగా తెలుపును. డీబగ్ తొలగించిన పిదప 301 సంఖ్యతో గీత గల చిరునామాకు మళ్లించును. బ్రౌజర్లు, పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ ఆ మళ్లింపులో పోస్టును గెట్టుగా మార్చును. పంపిన వివరములు జారిపోవును. పాత దరఖాస్తుల జాబితా 200 అను విజయసూచికతో వచ్చును. విద్యార్థి దరఖాస్తు చేరినదని నమ్మి గడువు దాటనిచ్చును! ఫాస్ట్‌ఏపీఐ 307తో మళ్లించుటచే క్రియ మారదు.

ఊహించుట కంటె అడుగుట మేలు. "ఫ్లాస్క్ రౌట్స్" అను ఆదేశము నియమముల పట్టికను చూపును. జాంగో డీబగ్ స్థితిలోని 404 పుట తాను పరీక్షించిన నియమములను వరుసగా చూపును. "రిజాల్వ్" అను ఫంక్షనుకు చిరునామా నిచ్చినచో ఏ కంట్రోలరు దానిని అందుకొనునో చెప్పును.