పొగ వెళ్లే దారి

1965లో అమెరికాలో కారోల్ షెల్బీ కంపెనీ ఫోర్డ్ మస్టాంగ్ కార్లను తెప్పించుకుని, రేసులకు తగ్గట్టు సవరించి, జీటీ350 పేరుతో అమ్మింది. శాన్ హోసే ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు వాటిలోని 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్ బలం 271 హార్స్‌పవర్. షెల్బీ షెడ్డు దాటేటప్పటికి 306. పిస్టన్లు అవే, క్రాంక్‌షాఫ్టు అదే, కామ్‌షాఫ్టూ అదే. మారినవి ముఖ్యంగా రెండు దారులు: గాలీ పెట్రోలూ లోపలికెళ్లే దారి, కాలిన వాయువు బయటికొచ్చే దారి. మొదటిదానికి అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డు, పెద్ద హోలీ కార్బురేటరు పెట్టారు. రెండోదానికి పోత ఇనుప మానిఫోల్డు తీసేసి, ఉక్కు గొట్టాలను వంచి అతికిన ‘ట్రై-వై’ హెడర్లు బిగించారు.

కార్బురేటరు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ గొట్టాల గురించి ఎవరూ ఓపిగ్గా చెప్పరు. మస్టాంగు లాంటి పాత మజిల్ కారును బాగుచేసుకునేవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది మాత్రం ఇక్కడే.

ఇంజన్ వదిలే పొగను కంపెనీలు మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8నే చూడండి. అందులో పొగ ఇంజన్ బ్లాకు లోపలినుంచే తిరిగి తిరిగి బయటపడేది. ఒక్కో పక్కన నాలుగు సిలిండర్లుంటే బయటికి మూడే రంధ్రాలు. నడిమి రెండు సిలిండర్లూ ఒకే రంధ్రాన్ని పంచుకునేవి. అంత వేడి వాయువు బ్లాకు మధ్యనుంచి పోతుంటే చుట్టూ ఉన్న నీళ్లు మరగక ఏం చేస్తాయి? ఆ ఇంజన్లకు వేడెక్కుతాయన్న పేరు అలా వచ్చింది.

ఆ తర్వాతి తరం ఇంజన్లలో వాల్వులు పైన హెడ్డులోకి చేరాయి, పొగ నేరుగా పక్కకు వచ్చేసింది. అయినా కంపెనీలు దానికి బిగించినది చవగ్గా పోతపోసిన ఓ లావుపాటి ఇనుప గొట్టాన్నే, అంటే మానిఫోల్డునే. నాలుగు సిలిండర్ల పొగా అందులోకే పడి, ఒక మూల ఉన్న రంధ్రంలోంచి పోవాలి. సినిమా వదిలినప్పుడు నాలుగు తలుపులు తెరిచి, బయట గేటు మాత్రం ఒక్కటే ఉంచితే జనం ఎలా తోసుకుంటారో అక్కడ పొగ పరిస్థితీ అంతే.

వీ8లో ఆ తోపులాటకు ఇంకో కారణం కూడా ఉంది. 289 ఇంజన్లో సిలిండర్లు మండే వరుస 1-5-4-2-6-3-7-8. కుడిపక్కన ఉన్నవి 1 నుంచి 4, ఎడమపక్కన 5 నుంచి 8. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేలోపు ఎనిమిదీ మండాలి కాబట్టి, ప్రతి 90 డిగ్రీలకూ ఒకటి మండుతుంది. ఒకటి కుడి, ఒకటి ఎడమగా వచ్చి ఉంటే ఏ గొడవా లేదు. కానీ అలా రాదు. వరుస చివర చూడండి: 7 మండిన వెంటనే 8. రెండూ ఎడమవైపే, పైగా పక్కపక్కనే ఉన్నవి. కుడివైపు 4, 2 కూడా ఇలాగే వెంటవెంటనే మండుతాయి. పొగ వాల్వు ఒకసారి తెరుచుకుంటే 240 డిగ్రీలకు పైగా తెరిచే ఉంటుంది. అంటే 7 తన పొగను ఇంకా ఖాళీ చేస్తుండగానే 8 తలుపు తెరుస్తుంది. అప్పుడే మండిన సిలిండరు కాబట్టి దాని పొగ ఒత్తిడి చాలా ఎక్కువ. అది ఇరుకు మానిఫోల్డులో 7 పొగకు అడ్డుపడుతుంది, 7లోకి వెనక్కి కూడా తోసుకుపోతుంది. వెళ్లకుండా మిగిలిన పొగ ఎంత చోటు ఆక్రమిస్తే, కొత్త గాలికి అంత చోటు తగ్గుతుంది. అమెరికన్ వీ8 నిదానంగా నడుస్తున్నప్పుడు వినిపించే ఆ గుడగుడ శబ్దం కూడా ఈ ఎగుడుదిగుడు వరుస వల్లే వస్తుంది.

కంపెనీలకు ఈ సంగతి తెలియక కాదు. డ్రాగ్ రేసుల పోటీ ముదిరిన 1960ల మొదట్లో పాంటియాక్, ఫోర్డ్, క్రైస్లర్ మూడూ పొడవాటి వంపులు తిరిగిన మానిఫోల్డులను పోతపోశాయి. వాటిలో పాంటియాక్ చేసిన సాహసం నాకు చాలా ఇష్టం. 421 సూపర్ డ్యూటీ ఇంజన్‌కి బరువు తగ్గించాలని మానిఫోల్డును అల్యూమినియంతో పోశారు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఇంజన్ పూర్తి జోరు మీదున్నప్పుడు పొగ వేడి అంతకన్నా ఎక్కువ. డ్రాగ్ రేసు పావు మైలు పరుగే, కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి అక్కడ సరిపోయింది. రోడ్డు మీద అదే జోరుతో లాగిస్తే మానిఫోల్డు కరిగిపోయేది.

గొట్టాలతో చేసిన హెడర్లు అప్పటికే, పాత కార్లను వేగం కోసం సవరించుకునే కాలిఫోర్నియా హాట్‌రాడ్ కుర్రాళ్లకు అలవాటే. ఈ గొట్టాలు పొగకు చోటివ్వడంతో ఆగవు. పొగ వాల్వు తెరవగానే గొట్టంలో ఒక ఒత్తిడి తరంగం బయల్దేరుతుంది. వేడి వాయువులో దాని వేగం సెకనుకు అర కిలోమీటరు పైనే. గొట్టం చివర, అంటే నాలుగు గొట్టాలూ కలిసే విశాలమైన చోటికి చేరగానే అది తలకిందులై వెనక్కి తిరుగుతుంది. వెళ్లేటప్పుడు తోసిన తరంగం వచ్చేటప్పుడు పీలుస్తుంది. సిలిండరులో పొగ వాల్వు మూసుకోబోతూ, గాలి వాల్వు తెరుచుకుంటున్న ఆ కొద్ది క్షణం రెండూ తెరిచే ఉంటాయి. పీల్చే తరంగం సరిగ్గా అప్పుడు చేరిందా, మిగిలిన పొగను లాగేసి కొత్త గాలిని కూడా లోపలికి రప్పిస్తుంది. నిమిషానికి 6,000 చుట్ల దగ్గర ఒక చుట్టుకు పట్టేది సెకనులో నూరో వంతు. అంత తక్కువ సమయంలో తరంగం వెళ్లి రావాలి కాబట్టి గొట్టం పొడవే అంతా నిర్ణయిస్తుంది. పొట్టి గొట్టం ఎక్కువ వేగం దగ్గర పనిచేస్తుంది, పొడుగు గొట్టం తక్కువ వేగం దగ్గర. మన బుల్లెట్ బెండు పైపుకు కూడా ఇదే లెక్క.

ట్రై-వై పద్ధతిలో నాలుగు గొట్టాలు మొదట రెండు జతలుగా కలుస్తాయి, ఆ రెండూ తర్వాత ఒకటవుతాయి. 7, 8 లాంటి వెంటవెంట మండేవాటిని ఒకే జతలో పెట్టకపోవడమే ఇందులోని తెలివి. రెండు చోట్ల కలవడం వల్ల తరంగాలు రెండు దూరాలనుంచి తిరిగొస్తాయి. అందుకే ఇంజన్ బలం ఒక్క వేగం దగ్గర పోగుపడక, మధ్య వేగాలంతటా పరుచుకుంటుంది. నాలుగూ ఒకేసారి కలిసే పొడుగు హెడరు పై వేగాల్లో దీన్ని మించుతుంది. కానీ ఊళ్లో తిరిగే కారు నిమిషానికి 5,500 చుట్లు దాటేది ఎప్పుడో ఒకసారి.

హెడర్లు కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది గొట్టం వెడల్పు దగ్గర. లావు గొట్టం అంటే ఎక్కువ బలం అనుకుంటారు. లావైతే పొగ వేగం పడిపోతుంది, కింది వేగాల్లో లాగే శక్తి తగ్గుతుంది. రోడ్డు మీద నడిచే 289కి ఒకటిన్నర అంగుళం, మహా అయితే 1-5/8 అంగుళాల గొట్టం చాలు. అంతకన్నా లావువి పెద్ద బ్లాకు ఇంజన్లకు వదిలేయండి. పెట్టె మీద రాసిన హార్స్‌పవర్ అంకెలనూ నమ్మకండి. ఆ మాటకొస్తే పైన చెప్పిన 271, 306 కూడా కారులోంచి బయటికి తీసిన ఇంజన్ మీద కొలిచిన ‘గ్రాస్’ అంకెలే. కారులో ఉన్నట్టుగా కొలిచే ‘నెట్’ పద్ధతి 1972లోగానీ అమెరికాలో అంతటా రాలేదు.

తర్వాత ఇరుకు. తొలి తరం మస్టాంగులో ఇంజన్‌కి రెండుపక్కలా సస్పెన్షన్ టవర్లు చొచ్చుకుని ఉంటాయి. హెడరు బిగించాక స్పార్కు ప్లగ్గులన్నీ చేతికి అందుతాయా? స్టార్టరు మోటారు తీయాలంటే హెడరు విప్పాలా? పవర్ స్టీరింగుకు, క్లచ్ లింకేజీకి తగులుతుందా? కొనకముందే, అదే మోడలు, అదే గేరుబాక్సు ఉన్న కారులో బిగించినది కళ్లారా చూడండి. పలుచటి గొట్టం వేడిని చుట్టూ చిమ్ముతుంది. వేడెక్కిన స్టార్టరు ఎండలో మొరాయించడం, ప్లగ్గు వైర్లు కాలడం అందువల్లే. సిరామిక్ పూత ఉన్నవి తీసుకుంటే వేడి తగ్గుతుంది, తుప్పూ ఆగుతుంది. మామూలు ఉక్కు గొట్టాలకు గుడ్డలా చుట్టే టేపు వేడిని ఆపుతుంది గానీ, తేమను పట్టి ఉంచి గొట్టాన్ని తినేస్తుంది. బిగించిన కొత్తలో ఇంజన్ వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించాలి. చల్లటి ఇంజన్ మొదలవగానే టిక్ టిక్ అంటుంటే గాస్కెటు దగ్గర పొగ తప్పించుకుంటోందని అర్థం. పొగ ధారాళంగా పోయేకొద్దీ కార్బురేటరు జెట్లు కూడా మార్చాల్సి రావచ్చు.

పోత ఇనుమును తక్కువ చేయకండి. అది గాస్కెటును పట్టుకుని దశాబ్దాల తరబడి కదలదు, శబ్దాన్ని మింగుతుంది. 271 హార్స్‌పవర్ ఇంజన్‌కి ఫోర్డ్ ఇచ్చిన మానిఫోల్డు మామూలు 289 దానికన్నా ధారాళమైనది. ఇంజన్ లోపల ఏమీ మార్చనివాళ్లు అలాంటి ఇనుముతోనే ఉండటం మేలు. ఇన్‌టేకు, కార్బురేటరు మార్చినవాళ్లకు ట్రై-వై. నాలుగూ ఒకటయ్యే పొడుగు హెడర్లు రేసు ట్రాకుకు వెళ్లేవాళ్లకే.

అమెరికాలో ఉండి పాత మస్టాంగు కొన్న మనవాళ్లకు ఒక్క మాట. హెడర్లు వేసుకున్నా, విప్పిన ఇనుప మానిఫోల్డును పాత సామానుకు వేయకండి. శుభ్రం చేసి, నూనె రాసి, చుట్టి దాచండి. పోతలోనే దిగిన నంబరు, తేదీ ముద్ర ఉన్న ఆ జత లేకపోతే, అసలు రూపంలో ఉన్న కారు కావాలనుకునేవాళ్లు మీ కారుకు ధర తగ్గిస్తారు.