కట్లపాము విషము – నరముల దూత

కార్వేటినగరపు మామిడితోపులలో నేలపై నిద్రించు కావలివారు కట్లపాము కాటును గుర్తింపకపోవచ్చును. నొప్పి స్వల్పము, వాపు కానరాకపోవచ్చును. తెల్లవారుసరికి మాత్రము కనురెప్పలు వాలిపోవును. ఏల?

నరము కండరమును తాకదు. నడుమ సన్నని ఎడము కలదు. నరపు కొననుండి వెలువడు అసిటైల్‌కోలిన్ అను ద్రవ్యమే దూతవలె ఆ ఎడమును దాటి ఆజ్ఞ నందించును. ఇట్టి రసాయన దూత కలదని 1921లో ఓటో లోవీ కప్పగుండెలపై పరీక్షించి నిరూపించెను. నరమును ప్రేరేపింపగా మందగించిన గుండెనుండి తీసిన ద్రవము రెండవ గుండెను సైతము మందగింపజేసెను.

కట్లపాము విషము ఈ దూతను వెలువడనీయదు. వెలువడినను కండరముపై పనిచేయనీయదు. తెలివి యున్నను ఊపిరి కండరములు కదలవు. మంత్రము ఆ ఎడమును దాటింపలేదు. రోగిని నడువనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. విషమునకు విరుగుడు మందు తొందరగా పడవలెను. నరపు కొనలు కోలుకొనువరకు కృత్రిమశ్వాస ప్రాణము నిలుపును.