తుపాను అడుగున తిరిగిన గ్లైడర్

2011 ఆగస్టు చివరి వారంలో ఐరీన్ అనే హరికేన్ అమెరికా తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి కదిలింది. అట్లాంటిక్‌లో పుట్టే పెద్ద తుపానులను అక్కడ హరికేన్లంటారు. అది ఏ దారిన వస్తుందో నిపుణులు ముందే చెప్పారు, దాదాపు ఆ దారినే వచ్చింది. ఎంత బలంతో వస్తుందన్న లెక్క మాత్రం తప్పింది. వానలు, వరదలు బీభత్సం సృష్టించాయి కానీ, న్యూజెర్సీ చేరేసరికి గాలికి అనుకున్నంత తీవ్రత లేదు. దారిలో దాని బలం ఎందుకు తగ్గినట్టు? జవాబు చెప్పగల సాక్షి ఆ సమయంలో సరిగ్గా తుపాను కిందే, నీళ్లలో తిరుగుతోంది. రట్గర్స్ విశ్వవిద్యాలయం వదిలిన ‘ఆర్‌యూ16’ అనే గ్లైడర్ అది.

గ్లైడర్‌ను నడపడానికి ప్రొపెల్లర్ అక్కర్లేదు. దాదాపు మనిషి పొడవున్న పసుపు పచ్చని గొట్టం, రెండు పక్కలా చిన్న రెక్కలు, వెనక తోక. బరువు 50 కిలోల పైచిలుకు. ముక్కు దగ్గరున్న పిస్టన్ కాసిన్ని సముద్రపు నీళ్లు లోపలికి లాక్కుంటే గ్లైడర్ చుట్టూ ఉన్న నీటికన్నా బరువెక్కి మునుగుతుంది. వాటిని బయటికి నెట్టేస్తే తేలికై పైకి లేస్తుంది. అలా లోపలికీ బయటికీ పోయే నీళ్లు అర లీటరుకు అటూ ఇటూ, అంతే. మునిగేటప్పుడూ లేచేటప్పుడూ రెక్కల వల్ల నిట్టనిలువుగా పోకుండా ఏటవాలుగా ముందుకు జారుతుంది. లోపలి బ్యాటరీలు ముందుకూ వెనక్కూ జరిగి ముక్కును ఎంత వంచాలో అంత వంచుతాయి. వేగం గంటకు ఒక కిలోమీటరు, లేదంటే ఇంకాస్త ఎక్కువ. అంత నెమ్మది కాబట్టే కరెంటు ఖర్చు స్వల్పం. లిథియం బ్యాటరీలు పెడితే నెలల తరబడి నీళ్లలోనే ఉండగలదు.

సముద్రపు నీటిలో రేడియో తరంగాలు సాగవు. కాబట్టి మునిగాక దానికి జీపీఎస్ అందదు, ఒడ్డు నుంచి ఎవరి మాటా వినపడదు. దిక్సూచి, లోతు కొలిచే సాధనం చూసుకుంటూ తన దారి తానే లెక్కవేసుకుంటుంది. కొన్ని గంటలకోసారి పైకొచ్చి, తోకలోని యాంటెన్నాను గాలిలోకి ఎత్తి, ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపుతుంది. ఏ లోతులో ఎంత వేడి, ఎంత ఉప్పు, అమర్చిన సెన్సర్లను బట్టి ఎంత ఆక్సిజన్ ఉందో ఆ కబురులో ఉంటుంది. తర్వాత ఎటు పోవాలో తెలుసుకుని మళ్లీ మునుగుతుంది.

ఐరీన్ రోజుల్లో ఆ కబుర్లు చెప్పిన సంగతి ఇది. వేసవిలో ఆ తీరంలో ఎండకు వేడెక్కేది పైపొర ఒక్కటే. దాని కింద, చలికాలం నుంచి మిగిలిపోయిన చల్లటి నీళ్లు అడుగంతా పరుచుకుని ఉంటాయి. ఉపగ్రహానికి పైపొర తప్ప లోపలిది కనిపించదు. మబ్బులు కమ్మితే వేడిని చూసే ఉపగ్రహ కళ్లకు ఆ పైపొర కూడా కనిపించదు. తుపాను ముందు వీచే గాలి పైనీటిని తీరం వైపు తోసింది. ఒడ్డు అడ్డం రావడంతో అడుగు నీరు సముద్రం వైపు వెనక్కి మళ్లింది. రెండు పొరలు ఎదురెదురుగా రాసుకుని, కవ్వం పెట్టి చిలికినట్టు కలిసిపోయాయి. తుపాను కన్ను రాకముందే సముద్రం పైభాగం కనీసం 6 డిగ్రీలు చల్లబడింది.

అసలు విశేషం ఆ ‘ముందే’లో ఉంది. నడిసంద్రంలో నీరు ఎక్కువగా చల్లబడేది తుపాను దాటిపోయాక, దాని వెనక. అప్పటికి తుపాను తనకు బలాన్నిచ్చే వేడిని సముద్రం నుంచి తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం అది అడుగు పెట్టబోయే నీళ్లే చల్లారిపోయాయి. అప్పటి అంచనా నమూనాలు ఈ మార్పును పట్టుకోలేదు. రట్గర్స్ శాస్త్రవేత్త స్కాట్ గ్లెన్ బృందం మూడు దశాబ్దాల రికార్డులు తిరగేసి, వేసవిలో ఆ తీరం మీదుగా పోయిన 11 తుపానుల్లోనూ ఇదే తంతు జరిగిందని 2016లో ప్రకటించింది.

ఈ గ్లైడర్ ఆలోచన ఇంజనీరు డగ్లస్ వెబ్‌ది. సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టామెల్ దాన్ని పట్టుకుని 1989లో ఒక ఊహాకథ రాశారు. గ్లైడర్ల దండు ప్రపంచ సముద్రాలన్నిటినీ గస్తీ కాస్తున్నట్టు, 2021 నుంచి వెనక్కి చూసి చెబుతున్నట్టు సాగుతుందా కథ. ఒంటరిగా పడవలో భూగోళం చుట్టిన తొలి నావికుడు జాషువా స్లోకమ్ పేరే వెబ్ గ్లైడర్‌కు పెట్టారు. 2009లో రట్గర్స్ వారి ‘స్కార్లెట్ నైట్’ న్యూజెర్సీ నుంచి బయల్దేరి, 221 రోజుల్లో 7,400 కిలోమీటర్లకు పైగా ఈది స్పెయిన్ చేరింది. దారిలో ఒంటినిండా నత్తజాతి గుల్లల్లాంటి బార్నకిల్స్ పట్టేస్తే, అజోర్స్ దీవుల దగ్గర ఈతగాళ్లు నీళ్లలోకి దిగి గీకి శుభ్రం చేశారు.

అట్లాంటిక్‌లోనే ఐరీన్‌కు తిరగబడ్డ కథ కూడా ఉంది. 2014 అక్టోబరులో గొంజాలో హరికేన్ ప్యూర్టో రికో సమీపంలోంచి వెళ్లినప్పుడు అక్కడి గ్లైడర్ చూసింది వేరు. పైన ఉప్పు తక్కువగా ఉన్న తేలికపాటి నీరు మూతలా నిలిచి, కింది నీటిని పైకి రానివ్వలేదు. సముద్రం పెద్దగా చల్లబడలేదు.

సరిగ్గా ఆ వారంలోనే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసింది. బంగాళాఖాతంలో ఈ ఉప్పు తక్కువ పొర ఏటా ఏర్పడేదే. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే వరద నీరు, వానలు కలిసి నైరుతి రుతుపవనాల తర్వాత ఉత్తర భాగంలో పైన పరుచుకుంటాయి. అందుకే అక్కడ వేసవి తుపాను సముద్రాన్ని చల్లార్చినంతగా అక్టోబరు, నవంబరు తుపాను చల్లార్చలేదు. దాని మేతకు కొరత రాదు. 2016లో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన పి.ఎన్. వినయచంద్రన్ బృందం, ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంతో కలిసి ‘సింధు సాధన’ నౌక నుంచి దక్షిణ బంగాళాఖాతంలోకి గ్లైడర్లను దింపింది. వాళ్ల దృష్టి తుపానుల మీద కాదు, రుతుపవనాల మీద.

తీరానికి దగ్గరగా పని ఇంకా కష్టం. నీటి ప్రవాహం బలంగా ఉంటే గంటకు కిలోమీటరు పోయే యంత్రం కొట్టుకుపోతుంది. వలలో చిక్కుకోవచ్చు, పడవ తగలవచ్చు. అయినా మన తీరానికి ఇది అక్కర లేని ఖర్చేమీ కాదు. మచిలీపట్నం నుంచి గోపాల్‌పూర్ దాకా తుపాను తాకే నెలల్లో, ఒడ్డుకు దగ్గరి నీటి లోపల ఉప్పెంతో, వేడెంతో ప్రతి కొన్ని గంటలకూ హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు, అక్కణ్నుంచి వాతావరణ శాఖ అంచనాలకు అందాలి. దానికి గ్లైడర్ అక్టోబరు మొదట్లోనే నీళ్లలో ఉండాలి. వాయుగుండం ఏర్పడ్డాక నౌకలు ఒడ్డు దాటవు.