శస్త్రచికిత్సలో రక్తస్రావానికి అడ్డుకట్ట.. మందుల గదిలోనే మొదలు

శస్త్రచికిత్స గదిలో కత్తి పట్టేది సర్జను. తెగిన రక్తనాళాన్ని బిగించేదీ, ముడి వేసేదీ, విద్యుత్ వేడితో మూసేదీ ఆయనే. అందుకే రక్తం ఆగడం, ఆగకపోవడం వైద్యుని హస్తవాసిపైనే ఆధారపడి ఉంటుందని సామాన్యుల నమ్మకం. నిజానికి ఈ పనిలో సగభాగం రోగి బల్ల ఎక్కకముందే, మందుల గదిలోనే జరగవలసి ఉంటుంది. ఆసుపత్రి ఫార్మసిస్టు అప్రమత్తంగా ఉంటే నివారించగల రక్తస్రావాలు కొన్ని, ఆయన ఏమరుపాటుతో జరిగే అనర్థాలు మరికొన్ని ఉన్నాయి.

గాయమైనచోట ముందుగా ప్లేట్‌లెట్లు గుమిగూడి తాత్కాలికంగా రంధ్రాన్ని పూడుస్తాయి. ఆ పైన ఫైబ్రిన్ అనే పోగులు వలలా అల్లుకుని గడ్డను గట్టిపరుస్తాయి. అయితే అల్లిన వలను తిరిగి కరిగించే ప్లాస్మిన్ అనే పదార్థం కూడా శరీరంలోనే తయారవుతుంది. పెద్ద గాయాల్లో, పెద్ద శస్త్రచికిత్సల్లో ఇది అవసరానికి మించి విజృంభిస్తుంది. అప్పుడు ఒకవైపు గడ్డ కడుతుండగానే మరోవైపు కరిగిపోతూ ఉంటుంది.

చౌక మందు.. పెద్ద మేలు

ప్లాస్మిన్ దూకుడును అడ్డుకునే మందే ట్రానెక్సమిక్ ఆమ్లం. జపాన్‌కు చెందిన ఒకమోటో దంపతులు దీనిని 1962లో వెలుగులోకి తెచ్చారు. దశాబ్దాలపాటు దీనికి రావలసినంత ప్రాధాన్యం రాలేదు. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంతో పరిస్థితి మారింది. 40 దేశాల్లోని 274 ఆసుపత్రుల్లో 20 వేలకు పైగా క్షతగాత్రులపై జరిపిన ఈ పరిశీలనలో మందు అందినవారిలో 14.5 శాతం, అందనివారిలో 16 శాతం మంది మరణించారు. తేడా స్వల్పంగా కనిపించినా, ప్రతి వెయ్యి మందిలో 15 ప్రాణాలు అన్నమాట. 2022లో వెలువడిన పాయిస్-3 అధ్యయనం గుండెకు సంబంధించని శస్త్రచికిత్సలు చేయించుకున్న 9,535 మందిని పరిశీలించింది. తీవ్ర రక్తస్రావం మందు పొందినవారిలో 9.1 శాతానికి, పొందనివారిలో 11.7 శాతానికి కనిపించింది.

ఈ మందుకు సమయమే ప్రాణం. ప్రసవానంతర రక్తస్రావంలో కాన్పు జరిగిన 3 గంటలలోపే ఒక గ్రామును పది నిమిషాలపాటు నెమ్మదిగా సిరలోకి ఎక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. జాప్యం జరిగే ప్రతి 15 నిమిషాలకూ ప్రయోజనం సుమారు పదో వంతు తగ్గిపోతుందని ఆ తరువాతి విశ్లేషణలో తేలింది. మందు ఆసుపత్రిలో ఉండటం వేరు, అర్ధరాత్రి తాళం వేసిన గదిలో ఉండటం వేరు. ప్రసూతి విభాగంలో, అత్యవసర విభాగంలో ముందుగానే నిల్వ ఉంచడం ఫార్మసిస్టు చూసుకోవలసిన పని.

రెండు ఆంపూల్స్ మధ్య ప్రాణం

ఇంతటి మేలు చేసే మందే తావు తప్పితే విషంతో సమానం. సిజేరియన్ వంటి శస్త్రచికిత్సల్లో నడుముకు ఇచ్చే మత్తుమందు బుపివకెయిన్. దాని ఆంపూల్, ట్రానెక్సమిక్ ఆమ్లం ఆంపూల్ చూపుకు ఒకేలా ఉండటం, పక్కపక్కనే సర్దడం వల్ల పొరపాటున రెండోదానిని వెన్నులోకి ఎక్కించిన ఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. అలా జరిగిన రోగికి మత్తు ఎక్కదు. వెన్నులో, కాళ్లలో భరించరాని నొప్పి, ఆపై మూర్ఛలు, గుండె లయ తప్పడం కనిపిస్తాయి. కొందరు ప్రాణాలే కోల్పోయారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది.

ఇక్కడ తప్పంతా మత్తు వైద్యునిదే అనుకోవడం న్యాయం కాదు. ఎమర్జెన్సీలో చేతికి అందిన ఆంపూల్‌ను విరిచే చేయి పొరబడవచ్చు. ఆ రెండూ ఒకే ట్రేలోకి చేరకుండా చూడటం మాత్రం ముందే సాధ్యం. ట్రానెక్సమిక్ ఆమ్లాన్ని వెన్ను మత్తు సామగ్రికి దూరంగా, వేరే అరలో ఉంచాలి. పేరు కనిపించేలా నిలబెట్టి సర్దాలి. ‘సిరలోకి మాత్రమే’ అన్న రంగు చీటీ అతికించాలి. కంపెనీ మారి కొత్త సరుకు వచ్చినప్పుడు ఆంపూల్ రూపు మారిందేమో చూసి శస్త్రచికిత్స విభాగానికి ముందే తెలియజేయాలి. టెండరులో ధర ఒక్కటే చూసి కొనేచోట ఈ చివరి పని మరీ ముఖ్యం.

రక్తంతోగానీ, పెన్సిలిన్ ద్రావణాలతోగానీ ఈ మందును కలపరాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి. కాళ్ల సిరల్లోనో, ఊపిరితిత్తుల్లోనో అప్పటికే గడ్డలు ఉన్నవారికి ఇవ్వరాదు.

ముందే అడగవలసిన ప్రశ్న

‘ఇంటివద్ద ఏయే మందులు వాడుతున్నారు?’ అన్న ప్రశ్నకు రోగులు చాలావరకు బీపీ, షుగరు మాత్రల పేర్లే చెబుతారు. గుండెకు స్టెంటు వేసినప్పుడు రాసిన క్లోపిడోగ్రెల్, మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొన్న మాత్రలు వారికి గుర్తుకు రావు. మందుల సంచి తెప్పించి చూడటమే మేలు. క్లోపిడోగ్రెల్‌ను, వార్ఫరిన్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపుతారు. అపిక్సబాన్, రివరోక్సబాన్ వంటివాటికి ఒకటి రెండు రోజులు సరిపోవచ్చు. శస్త్రచికిత్స తీవ్రత, మూత్రపిండాల స్థితినిబట్టి ఈ గడువు పెరుగుతుంది. ఆపాలా, వద్దా అన్నది మాత్రం గుండె వైద్యుడు, సర్జను కలిసి తేల్చవలసిందే. స్టెంటు వేయించుకున్నవారు సొంతంగా మాత్ర మానేస్తే అసలు ప్రాణానికే ముప్పు.

వార్ఫరిన్ వేసుకున్న వ్యక్తికి అత్యవసర శస్త్రచికిత్స తప్పనప్పుడు విటమిన్-కె ఇస్తారు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది గనుక ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్‌గానీ, అది లేనిచోట ప్లాస్మాగానీ తోడవుతుంది. హెపారిన్‌కు విరుగుడు ప్రోటమిన్. సుమారు 100 యూనిట్లకు ఒక మిల్లీగ్రాము చొప్పున లెక్కిస్తారు. వేగంగా ఎక్కిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. హెపారిన్ సీసాల్లోనూ తికమక ఉంది. ఒకే పరిమాణపు సీసాలో 5 వేల యూనిట్లు ఉండేదీ, 25 వేల యూనిట్లు ఉండేదీ దొరుకుతాయి.

ఫ్రిజ్‌పైనా కన్నేయాలి

కాన్పు తరువాత గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్‌ను, మిథైల్ ఎర్గోమెట్రిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి. వేసవిలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లో మగ్గిన ఆక్సిటోసిన్ చూపుకు మామూలుగానే ఉంటుంది, సూదిలోకి ఎక్కుతుంది, గర్భాశయం మాత్రం గట్టిపడదు. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసిపెట్టే పుస్తకం విలువ అప్పుడు తెలుస్తుంది.

గాయంపై నేరుగా అద్దే పదార్థాలకూ నియమాలున్నాయి. జిలాటిన్ స్పాంజి తడిసి ఉబ్బుతుంది. కనుక వెన్నుపాము వంటి ఇరుకు చోట్ల మిగులు ముక్కను తీసివేయాలి. ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ ఆమ్లగుణం కలిగినది. దానితో త్రాంబిన్ కలిపితే త్రాంబిన్ నిర్వీర్యమవుతుంది. త్రాంబిన్ ద్రావణాన్ని పైపూతకే వాడాలి, ఎట్టి పరిస్థితిలోనూ రక్తనాళంలోకి ఎక్కించరాదు. దానిని సిరంజిలో నింపి పంపేటప్పుడు ఆ సంగతి సిరంజిపైనే రాసి పంపాలి.