డిస్కు నిద్ర యెవరి యాజ్ఞ?

భూమి పత్రముల నకళ్లును, పెండ్లి ఛాయాపటములును, దుకాణపు లెక్కలును నేడు బీరువాలలో గాక, కంప్యూటరునకు తీగతో తగిలించు నరచేతి పెట్టెలో నుండుట సామాన్యమైనది. ఆ పెట్టెలోని డిస్కు కొంతసేపు పనిలేక యున్నచో తనంత తానే నిద్రించును. ఆ నిద్ర యెవరి యాజ్ఞచే గలుగుచున్నదో యజమానులలో పెక్కురు విచారింపరు. విచారింపవలసినదే యని మా యభిప్రాయము.

పొదుపు మంచిదే, కాదనము. యు.ఎస్.బి. 2.0 ద్వారము 5 వోల్టులవద్ద 500 మిల్లీయాంపియర్లు, అనగా 2.5 వాట్లు మాత్రమే యిచ్చును, 3.0 ద్వారము 4.5 వాట్లు. ఈ కొద్దిపాటి గ్రాసముతోనే డిస్కు తిరుగవలయును. బ్యాటరీపై నడచు ల్యాప్‌టాపున కదియు భారమే.

అయితే ఒక గ్రామమునకు ముగ్గురు మునసబు లున్నట్లు, ఈ డిస్కునకు ముగ్గురధికారులు గలరు. విండోస్ సమతుల్య పథకమున సాధారణముగా కరెంటుపై 20 నిమిషములకును, బ్యాటరీపై 10 నిమిషములకును డిస్కు నాపును. లైనక్సులో యు.ఎస్.బి. ద్వారమునే నిద్రపుచ్చు వేఱొక యేర్పాటు గలదు. దాని సహజమైన గడువు 2 సెకండ్లే. అదృష్టవశమున డిస్కుల కది మొదట ప్రయోగింపబడదు గాని, విద్యుత్తు పొదుపు ప్రోగ్రాములు దానిని మేల్కొల్పవచ్చును. మూడవ యధికారి పెట్టెలోనే కూర్చున్నాడు: తయారీదారు నిలిపిన గడియారము. ఒకనిని సరిచేసి, తక్కిన యిద్దరిని మరచినవాడు పెట్టెను నిందించును!

అతి తొందర నిద్ర యెంత చేటో యొక యుదాహరణము. వెస్టర్న్ డిజిటల్ వారి గ్రీన్ డిస్కులు, ఇవి కంప్యూటరు లోపల నుండునవే యైనను, 8 సెకండ్లు పనిలేనిచో చదువు తలలను ప్రక్కకు జేర్చెడివి. అట్టి రాకపోకలకు తయారీదారు చెప్పిన పరిమితి 3 లక్షలు. పది సెకండ్లకొకమారు ఏదో వ్రాయు కంప్యూటరుతో గూడినచో గంటకు 360. 35 దినములలో ఆ పరిమితి తీరిపోవును. చాలు చాలునకు ఎడ్లను విప్పి కట్టు రైతును మనలో నెవరు మెచ్చుకొందురు? పైగా నిలిచిన డిస్కు మరల తిరుగ నారంభించునపుడు, తిరుగుచున్నప్పటికంటె నెక్కువ కరెంటు కోరును. ద్వారము బలహీనమైనను, తీగ నాసిదైనను, డిస్కు అప్పుడే జారిపోవును.

దీపము మలిగినదని తీగ లాగుటయు తగదు. నిద్ర వేఱు, సెలవు వేఱు. ఫైలు తెరచియే యుండవచ్చును. కంప్యూటరును అడిగి, అది సమ్మతించిన పిదపనే తీయవలయును.

నిత్యము వాడు డిస్కునకు 20 లేక 30 నిమిషముల గడువు చాలును. కేవలము నకలు దాచు డిస్కునకు గడువుతో పనియే లేదు. పని ముగియగానే తీసి బీరువాలో నుంచుట మేలు. లైనక్సు వాడువారికి హెచ్‌డిపార్మ్ అను సాధన మున్నది గాని, కొన్ని పెట్టెలలోని చిప్పు ఆ యాజ్ఞను డిస్కు వఱకు పోనీయదు. కావున కొనునాడే, నిద్రకాలమును మార్చు వీలున్నదా యని దుకాణదారు నడుగుడు. లేదన్నచో వేఱొకటి చూపుమనుడు.